వరద రూలు

లావణ్య ఏనుగులు ఏరు దాటి అవతలి గట్టు ఎక్కేసరికి హాల్లో ఈలలు మొదలయ్యాయి.

రాజమండ్రి ఇన్నీసుపేటలోని ఆ కల్యాణ మండపంలో అంతమంది పెళ్ళికి తప్ప మరో పనికి చేరడం అదే మొదటిసారి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునే వేదిక మీద రెండు కంప్యూటర్లు పెట్టారు. మధ్యలో ప్లైవుడ్ చెక్క అడ్డం. ఒకవైపు రాజమండ్రి అమ్మాయి లావణ్య. రెండోవైపు కాకినాడ నుంచి వచ్చిన గణేష్‌బాబు. వాళ్ళ వెనక కట్టిన తెల్లగుడ్డ మీద, ప్రొజెక్టర్ వెలుగులో, యుద్ధం నడుస్తోంది.

ఆ ఆటకి సీడీ మీద ఏదో ఇంగ్లీషు పేరుండేది. 2004లో రాజమండ్రి కుర్రాళ్ళెవరూ ఆ పేరు పలికేవారు కాదు. కోటలాట అనేవారు. పాతకాలపు రాజ్యాల్లో ఒకటి ఎంచుకోవాలి. ఊరు కట్టాలి, పంట పండించాలి, చుట్టూ గోడ లేపాలి, సైన్యాన్ని తయారు చేయాలి. ఎదుటివాడి రాజమహల్ని ముందు ఎవరు కూలిస్తే వాళ్ళు గెలిచినట్టు. లావణ్య పర్షియా ఏనుగుల్ని ఎంచుకుంది. గణేష్‌బాబు మంగోలుల గుర్రాల్ని ఎంచుకున్నాడు.

రెండు జిల్లాల నుంచి వచ్చిన ఆటగాళ్ళలో చివరికి మిగిలింది వీళ్ళిద్దరే. ఇది ఫైనల్.

ఏనుగులు గణేష్‌బాబు కోట గోడని గుద్దాయి. గోడలో ఒక ముక్క కూలింది.

"అయిపోయాడ్రా కాకినాడ," అన్నాడు సాయిరామ్ ముందు వరసలోంచి. అతను లావణ్యతో రోజూ ప్రాక్టీసు చేసే స్నేహితుడు. పొద్దున సెమీ ఫైనల్లో గణేష్‌బాబు చేతిలో ఓడిపోయిన మంట ఇంకా చల్లారలేదు. "కాజా తినిపించి బస్సెక్కించండి."

అందరూ నవ్వారు. సాయిరామ్ పక్కన కూర్చున్న నాగేశ్వరప్రసాద్ మాత్రం నవ్వలేదు. ఆయన లావణ్య తండ్రి.

మెయిన్ రోడ్డులో ఆయనది ఇనుము వ్యాపారం. ఆ బజార్లో ఆయన్ని రసీదు అడిగినవాడు లేడు. "ప్రసాద్ గారు అన్నారు" అంటే చాలు, లారీ కదిలేది. పొద్దున ఒక ధర చెప్పి, సాయంత్రానికి మార్కెట్ పెరిగిపోయినా, చెప్పిన ధరకే సరుకు పంపేవారు. ఆ నష్టాల గురించి ఇంట్లో కూడా మాట్లాడేవారు కాదు.

లావణ్య ఆశ అంతా ఆ మాట మీదే ఉంది.

ఆమె బీకాం అయిపోయింది. హైదరాబాదులో కంప్యూటర్ ఆటలు తయారుచేయడం నేర్పే కోర్సుకి ప్రవేశ పరీక్ష రాసింది, సీటొచ్చింది. ఆ సంగతి తండ్రికి కొట్లోనే చెప్పింది, మేనమామ ఉదయభాస్కర్ ఉన్న వేళ చూసుకుని. మామయ్య అండగా ఉంటాడని.

"ఆటలు నేర్చుకోడానికి హైదరాబాదు దేనికమ్మా," అన్నారు ప్రసాద్ గారు. "మన వీధిలో పిల్లలు నేర్పరూ?"

"బావగారూ, అలా తీసిపారేయకండి," అన్నాడు ఉదయభాస్కర్. "దానవాయిపేట సెంటర్లో మీ అమ్మాయి కూర్చుంటే మగపిల్లలు మౌసు వదిలేసి మంచినీళ్ళ వంకతో జారుకుంటున్నారంట."

"అలాగా. ఏదో పోటీ ఉందన్నావుగా లావణ్యా, రెండు జిల్లాలూ వస్తున్నాయని?"

"ఉంది నాన్నా."

"గెలువు. గెలిస్తే నేనే దగ్గరుండి రైలెక్కిస్తాను. ఓడిపోతే మాత్రం ఈ మాట ఇంట్లో మళ్ళీ వినపడకూడదు. ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్నట్టే."

"భాస్కరం, నువ్వే సాక్షి."

ఆయన దృష్టిలో అది కాదనడానికి ఒక మర్యాదైన దారి. ఆడపిల్ల మొదటి రౌండులోనే ఇంటికొస్తుంది, సంగతి తేలిపోతుంది. మొదటి రౌండు అయింది. రెండోది అయింది. ఇవాళ పొద్దున సెమీ ఫైనల్ కూడా అయింది. ఆటగాళ్ళందరికీ మధ్యాహ్నం భోజనాలు పెట్టించింది ప్రసాద్ గారే. మడత కాజాలు ఆయనే స్వయంగా వడ్డించారు. పరాయి ఊరి పిల్లాడని గణేష్‌బాబు పక్కన కూర్చుని, కొసరి కొసరి తినిపించారు. అది చూసి లావణ్య నవ్వుకుంది. నాన్న ఓటమికి తయారైపోయారని అనుకుంది.

ఇప్పుడు తెరమీద రెండో గోడముక్క కూలింది.

సరిగ్గా అప్పుడు గణేష్‌బాబు జనం బయల్దేరారు.

కోటలాటలో జనం అంటే సైనికులు కారు. పొలం దున్నేవాళ్ళు, చెట్లు కొట్టేవాళ్ళు, ఇళ్ళు కట్టేవాళ్ళు. చేతిలో ఆయుధం ఉండదు. ఆ జనమంతా ఒక గుంపుగా కోటలోంచి బయటపడి, ఏటి ఒడ్డునే నడుచుకుంటూ, లావణ్య కోట గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. ముందూ వెనకా ఒక్క గుర్రం లేదు.

హాల్లో చప్పట్లు మొదలయ్యాయి.

పోటీ నడిపించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడికి ఆ చప్పట్లు అర్థం కాలేదు. "ఏమైంది, ఎందుకు కొడుతున్నారు?" అని అడిగాడు.

"లొంగిపోయాడండి," అన్నాడు చంద్రరావు గర్వంగా. "మా వరద రూలు."

చంద్రరావు దానవాయిపేటలో కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు. పుట్టింది లంక ఊళ్ళో, గోదావరి పాయల మధ్య. ఎనభై ఆరు వరదలో వాళ్ళ ఊరు ఊరంతా పడవలెక్కి గట్టుకొచ్చింది. గట్టు మీద ఎవరి తలుపు తట్టినా తీశారు. ఎవరు, ఏంటి అని అడగలేదు. తర్వాత చాలా ఏళ్ళకి సెంటర్ పెట్టాక, ఓడిపోయినవాడి జనాన్ని గెలిచినవాడు వెంటాడి చంపడం, దాని మీద కుర్రాళ్ళు నిజంగానే చొక్కాలు పట్టుకోవడం చూసి, ఆయనే ఈ రూలు పెట్టాడు. ఓడిపోతున్నవాడు తన జనాన్ని ఎదుటివాడి గుమ్మం ముందుకి పంపాలి. అదే లొంగిపోవడం. గెలిచినవాడు తలుపు తీయాలి. తీసి, మౌసు మీద నుంచి చేయి తీసేసి, ఒళ్ళో పెట్టుకోవాలి. లోపలికొచ్చిన జనం మీద చేయెత్తనని అర్థం. అప్పుడు ఓడినవాడు ఆట ముగించే మీట నొక్కుతాడు. లేచి చేతులు కలుపుకుంటారు.

ఇది సీడీలో లేదు. పోటీ నిబంధనల కాగితంలో లేదు. రాజమండ్రి దాటితే ఎవరికీ తెలియదు. కానీ ఆ సెంటర్లో ఆట నేర్చుకున్నవాళ్ళకి అది బడిలో లేచి నిలబడడం లాంటిది. ఆలోచించి చేసేది కాదు.

లావణ్య తలుపు తీసింది. చేయి ఒళ్ళో పెట్టుకుంది.

జనం బిలబిలా లోపలికొచ్చారు. గుమ్మం దగ్గర ఆగలేదు. బజారు దాటారు, ధాన్యం కొట్లు దాటారు, నేరుగా రాజమహల్ పక్కకి వెళ్ళి గుండ్రంగా నిలబడ్డారు. లావణ్య చిన్నగా నవ్వుతూ చెక్క అవతల గణేష్‌బాబు లేచే చప్పుడు కోసం ఎదురుచూసింది. హాల్లో కుర్రాళ్ళు కుర్చీలు వెనక్కి తోసి లేస్తున్నారు. సాయిరామ్ అప్పటికే వేదిక మెట్ల దగ్గరున్నాడు.

చెక్క అవతల నుంచి లేచిన చప్పుడు రాలేదు. మౌసు నొక్కుతున్న చప్పుడు వచ్చింది. టకటకటకా.

తెరమీద, రాజమహల్ని ఆనుకుని, నేలమీద ఒక చతురస్రం గీత పడింది.

పునాది.

ఒక క్షణం పాటు లావణ్యకి అది ఏమిటో అర్థమైంది, అయినా నమ్మలేదు. చేయి ఒళ్ళోనే ఉండిపోయింది. ఆ జనంలో ప్రతి ఒక్కడూ సుత్తి పట్టుకున్నాడు. చూస్తుండగానే రాళ్ళు పైకి లేచాయి. బురుజు. గుర్రపుశాల. ఇంకో బురుజు. అన్నీ ఆమె గోడల లోపల, ఆమె నడివీధిలో.

"చెయ్యి పెట్టు లావణ్యా, చెయ్యి పెట్టు," అని సాయిరామ్ కేకవేశాడు.

ఆమె మౌసు అందుకుంది. అప్పటికే బురుజు మీంచి బాణాలు పడుతున్నాయి. ఇంటి దగ్గర కాపలాకి ఉంచిన కొద్దిమంది విలుకాళ్ళు రాజమహల్ చుట్టూ పడిపోయారు. కంగారులో అతని కోట వదిలేసి ఏనుగుల్ని వెనక్కి పిలిచింది. కానీ అవి ఏటి అవతల ఉన్నాయి. ఆ ఆటలో ఏనుగుకి ఎదురు లేదు, వేగమూ లేదు. అవి తాపీగా తిరిగాయి. తాపీగా నీళ్ళలో దిగాయి. ఇక్కడ ఆమె కోట మధ్యలో కట్టిన శాలలోంచి మంగోలు గుర్రాలు ఒకదాని వెనక ఒకటి బయటికొస్తున్నాయి.

తన గోడలకి అంత ఎత్తు, అంత మందం పెట్టుకుంది. ఒక్కటీ పనికిరాలేదు. శత్రువు గోడకి ఇవతల ఉన్నాడు.

రాజమహల్ మంట అంటుకుంది. మొదటి ఏనుగు గుమ్మంలోకి తొండం పెట్టేసరికి పైకప్పు కూలిపోయింది. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాల్లో గణేష్‌బాబు పేరు వచ్చింది.

అంత జనం ఉన్న హాల్లో ఫ్యాన్లు తిరిగే చప్పుడు వినిపించింది.

హైదరాబాదు కుర్రాడొక్కడే చప్పట్లు కొట్టాడు. రెండు కొట్టి, చుట్టూ చూసి ఆపేశాడు.

లావణ్య లేవలేదు. ఆమె కళ్ళు నల్లటి తెర మీదే ఉన్నాయి. ఓడిపోయానన్న సంగతి ఆమెకింకా పూర్తిగా తగల్లేదు. హైదరాబాదు పోయిందన్నది కూడా తగల్లేదు. మెదడులో ఒక్కటే తిరుగుతోంది. అతనికి ఎలా తెలుసు?

గణేష్‌బాబు రాజమండ్రి రావడమే మొదటిసారి. పొద్దున చంద్రరావుని టాయిలెట్ ఎక్కడని అడిగినవాడు. నేను తలుపు తీస్తానని, తీసి చేయి ఒళ్ళో పెట్టుకుంటానని, అతనికి ఎలా తెలుసు? తెలియకుండా ఎవడైనా తన జనాన్నంతా ఆయుధం లేకుండా శత్రువు గుమ్మం ముందుకి పంపుతాడా? తలుపు తీయకపోతే ఒక్క విలుకాడు చాలు, అందరూ చస్తారు. అంత తెగింపు తెలియనివాడు చేయడు.

ఎవరో చెప్పారు.

ఆమె లేచి వేదిక దిగింది. సాయిరామ్ ఎదురొచ్చాడు.

"నువ్వే చెప్పావా?" అంది.

"ఏంటి?"

"వరద రూలు. సెమీస్ అయ్యాక మెట్ల మీద అతనితో కబుర్లు చెప్పావుగా. నేను చూశాను."

"కబుర్లా? నన్ను తుక్కు తుక్కు చేసినవాడితో నాకు కబుర్లేంటి? గుర్రాలకి మేత ముందు పెట్టాలా, ఇనుము ముందు తవ్వాలా అని అడిగాను. చెప్పలేదు వెధవ."

"ఇంకెవరు చెబుతారు? మన సెంటర్ వాళ్ళు తప్ప ఎవరికీ తెలియదు."

"నేను చెప్పానని నువ్వు నమ్ముతున్నావా, లావణ్యా?"

ఆమె వేదిక వైపు, గణేష్‌బాబు వైపు చూసింది. సాయిరామ్ ముఖంలో రంగు మారింది. "నువ్వు హైదరాబాదు వెళ్ళిపోతే నాతో ఆడేవాడు లేడని రెండు నెలల నుంచి ఏడుస్తున్నాను. అయినా నీకు మేత వేసి, కలప కొట్టి, రోజూ నీ చేతిలో చచ్చి నేర్పించాను. పో. వెళ్ళి అతన్నే అడుగు." ఆ మాట అని కుర్చీలో కూలబడ్డాడు.

గణేష్‌బాబు వేదిక పక్కన గ్లాసుతో మంచినీళ్ళు తాగుతున్నాడు. గెలిచినవాడిలా లేడు. హాల్లో ఎవరూ తనని పలకరించకపోవడం అతనికి వింతగా ఉంది.

"కంగ్రాట్స్ అండి," అంది లావణ్య.

"థాంక్సండి. నిజానికి నేను ఓడిపోయినట్టేనండి. మీ ఏనుగులు గోడ కొట్టేశాక ఇంకేం లేదు. ఆఖరి ప్రయత్నంగా పంపాను."

"తలుపు తీస్తానని మీకెలా తెలుసు?"

అతను ఇబ్బందిగా గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "భోజనాల దగ్గర ఒకాయన చెప్పారండి. ఈ ఊళ్ళో ఇలా ఒక అలవాటుంది బాబూ, జనాన్ని గుమ్మం ముందుకి పంపితే ఆ అమ్మాయి తలుపు తీస్తుంది, చెయ్యి కూడా తీసేస్తుంది అని. నేను నమ్మలేదండి. తీయకపోతేనో అన్నాను. తీస్తుంది, ఆ పిల్ల సంగతి నాకు తెలుసు అన్నారు. రూల్సులో తప్పు లేదు కదా అని... తప్పేమైనా చేశానాండి?"

"లేదు. ఎవరాయన?"

"పేరు తెలియదండి. పెద్దాయన. నాకు కాజాలు వడ్డించారు." గణేష్‌బాబు హాల్లోకి చూశాడు. "అరుగో, ముందు వరసలో. ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారే, ఆయన."

లావణ్య తిరిగి చూసింది.

ఆ హ్యాండ్‌బ్యాగు తనదే. ఆటకి కూర్చునే ముందు తనే ఇచ్చింది.

హాలు ఒక్కసారి దూరమైపోయినట్టనిపించింది. నాన్న. మూడు వారాలుగా రోజూ సాయంత్రం సెంటర్‌కి వచ్చి, ఆట అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని, ఇంటికి తీసుకెళ్ళిన నాన్న. ఆయనకి ఆట రాదనుకుంది. నిజమే, రాదు. కానీ బేరం ఆడే మనిషి ఎదుటివాడి చేతుల్ని చూస్తాడు. ఎప్పుడు చేయి చాపుతారో, ఎప్పుడు వెనక్కి తీసుకుంటారో చూస్తాడు. ఆయన రోజూ అదే చూశారు.

ఆమె నడిచి వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"భోజనాల దగ్గర అతనికి ఏం చెప్పారు నాన్నా?"

ప్రసాద్ గారు తలెత్తారు. కాదనలేదు. ఏంటీ అని అడగలేదు. బ్యాగు ఆమె చేతికిచ్చి, "మైకులో నీ పేరు పిలుస్తున్నారు. వెళ్ళు," అన్నారు.

నిజంగానే పిలుస్తున్నారు. చంద్రరావు బొంగురు గొంతుతో రన్నరప్ అంటున్నాడు. బహుమతి ఇవ్వడానికి భోజనదాత నాగేశ్వరప్రసాద్ గారిని కూడా వేదిక మీదికి రమ్మంటున్నాడు.

తండ్రీ కూతురూ ఒకరి వెనక ఒకరు మెట్లెక్కారు.

ఆయన కప్పు ఇచ్చారు. ఆమె తీసుకుంది. ఫోటోగ్రాఫర్ ఇంకొంచెం దగ్గరగా జరగమన్నాడు. ఎవరూ జరగలేదు.

"లావణ్య గారు రెండు ముక్కలు మాట్లాడతారు," అన్నాడు చంద్రరావు. మైకు ఆమె చేతిలో పెట్టాడు.

లావణ్య హాల్లోకి చూసింది. రెండో వరసంతా మెయిన్ రోడ్డే. ఇనుము కొట్ల వాళ్ళు, సిమెంటు డీలర్లు, ప్రసాద్ గారి అమ్మాయి ఫైనల్ ఆడుతోందని కొట్లు కట్టేసి వచ్చినవాళ్ళు. చివర్లో మామయ్య ఉదయభాస్కర్. పక్కన నాన్న. ఆయన మెడ దగ్గర చొక్కా చెమటకి తడిసి అంటుకుపోయింది. చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఆమె ఏం చెప్పబోతోందో ఆయనకి తెలుసు. ఆపడానికి ఆయన దగ్గరేమీ లేదు.

ఒక్క వాక్యం చాలు. ముప్ఫై ఏళ్ళుగా కట్టుకున్న పేరు ఇక్కడే, ఈ మధ్యాహ్నమే, పోతుంది.

"నేను ఓడిపోయాను," అంది లావణ్య. "తలుపు నేనే తీశాను. ఎవరూ తీయించలేదు."

హాల్లో ఎవరో అయ్యో అన్నారు.

"గణేష్‌బాబు గారికి మన రూలు ఎలా తెలిసిందా అని మీ అందరికీ అనుమానం ఉంది. నాకూ ఉండేది. ఇప్పుడే తెలిసింది."

సాయిరామ్ లేచి నిలబడ్డాడు. ఉదయభాస్కర్ ముందుకి వంగాడు. ప్రసాద్ గారు కళ్ళు మూసుకున్నారు.

ఆమె ఆగింది. మైకులోంచి సన్నటి కీచు. ఆ ఆగిన చోట ఆమెకి ఒక విషయం స్పష్టంగా కనిపించింది. పేరు బయటపెడితే నాన్న ఓడిపోతారు. అంతే. తను గెలవదు. అవమానపడిన మనిషి కూతుర్ని రైలెక్కించడు.

"ఒక పెద్దమనిషి మర్యాదకి చెప్పారట. పోనీలెండి," అంది. "నేను చెప్పాలనుకున్నది వేరే. మీలో కొందరికి తెలుసు, నేను గెలిస్తే హైదరాబాదు పంపిస్తానని మా నాన్నగారు మాటిచ్చారు. ఓడిపోయాను కాబట్టి వెళ్ళనని అనుకుంటున్నారేమో. ఇందాక ఈ మెట్లెక్కే ముందు నాన్నగారు నాకు చెప్పారు. గెలిచినా ఓడినా పంపిస్తానన్నారు. ఆయన మాటంటే ఏంటో నాకంటే మీకే బాగా తెలుసు."

ప్రసాద్ గారి కళ్ళు తెరుచుకున్నాయి.

చప్పట్లు ముందు రెండో వరసలో పుట్టాయి. క్షణంలో హాలంతా అంటుకున్నాయి. ఇందాకటి నుంచి దిగమింగుకున్నదంతా ఆ చప్పట్లలో బయటికొచ్చింది. ఉదయభాస్కర్ కుర్చీ ఎక్కినంత పని చేశాడు. "బావగారూ, అప్పుడూ నేనే సాక్షి, ఇప్పుడూ నేనే," అని అరిచాడు.

"అదీ ప్రసాద్ గారంటే," అన్నాడొక సిమెంటు డీలరు. "ఓడినా పంపిస్తానన్నారు చూడు."

చంద్రరావు కళ్ళు తుడుచుకుంటూ మైకు లాక్కుని ప్రసాద్ గారి నోటి దగ్గర పెట్టాడు. "మీరు కూడా రెండు ముక్కలు సెలవియ్యాలండి. ఆయ్."

ప్రసాద్ గారు మైకు వంక చూశారు. రెండో వరస వంక చూశారు. చివరికి కూతురి వంక చూశారు. ఆమె రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తోంది.

కాదంటే ఎందుకు కాదంటున్నారని అడుగుతారు. అక్కడి నుంచి కాజాల దాకా ఎంతో దూరం లేదు. గణేష్‌బాబు చేతికందే దూరంలోనే నిలబడి ఉన్నాడు.

"అన్నాను," అన్నారు ప్రసాద్ గారు.

రెండు ముక్కలు అడిగితే ఒక్కటే చెప్పారు. అయినా చప్పట్లు మళ్ళీ మోగాయి.

బయటికొచ్చాక గణేష్‌బాబు ఇద్దరికీ నమస్కారం పెట్టి బస్టాండుకి వెళ్ళిపోయాడు. సాయిరామ్ ఎదురుపడితే లావణ్య ఆగింది. "తప్పయిపోయింది," అంది. అతను కప్పు వైపు చూపించి, "రెండో బహుమతి కప్పు ఇంత చిన్నదా? దీనికోసమా నన్ను తిట్టావు?" అన్నాడు. అయితే కళ్ళు మాత్రం కలపలేదు.

ప్రసాద్ గారు స్కూటర్‌ని గోదావరి గట్టు వైపు పోనిచ్చారు. రైలు వంతెన కనిపించే చోట ఆపారు. దిగి, గట్టు గోడ పట్టుకుని నిలబడ్డారు. నీళ్ళు ఎర్రగా, జోరుగా పోతున్నాయి.

"నా పేరు చెబుతావనుకున్నాను," అన్నారు.

"చెబుదామనే మైకు తీసుకున్నాను."

"మరి?"

"చెబితే మీ పరువు పోయేది. నా ప్రయాణమూ ఆగిపోయేది. ఇద్దరికీ నష్టమే."

ఆయన ఉలిక్కిపడి ఆమెను చూశారు. ఆ లెక్క ఆయనది. ఆ మాట తీరు ఆయనది. కొట్లో ఎన్నోసార్లు వేరేవాళ్ళతో అన్నది.

"ఎందుకు చేశారు నాన్నా?"

"నువ్వు ఇంతదాకా వస్తావనుకోలేదమ్మా. పొద్దున సెమీస్ అయ్యాక నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. మాట తప్పలేను. నిన్ను ఒక్కదాన్ని అంత ఊరికి పంపలేను. ఇక మిగిలింది అదొక్కటే. నువ్వు ఓడిపోతే నేను మాట మీద నిలబడినట్టే ఉంటుంది."

"మాట నిలబెట్టుకోడానికా ఇంత చేశారు?"

"అవును."

ఆయన అందులో తప్పేమీ కనపడనట్టే చెప్పారు. చెప్పాక, తన గొంతు తనే విన్నట్టు ఆగిపోయారు.

"అక్కడ మైకులో నువ్వు చెప్పింది అబద్ధం," అన్నారు. "నేను కాదంటే ఏం చేసేదానివి?"

"మీరు అనలేరు."

"అంత నమ్మకమేంటి?"

"మీ సంగతి నాకు తెలుసు."

మధ్యాహ్నం తను గణేష్‌బాబుతో అన్న మాట ఆమె నోట వినేసరికి ఆయన ముఖం పాలిపోయింది. ఇన్నేళ్ళు తను పెంచిన పిల్లని ఆయన మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. ఆ చూపులో గర్వం లేదు, కోపం లేదు. పెద్ద బేరంలో ఎదుటివాడు తనకంటే గట్టివాడని తెలిసినప్పటి చూపు అది.

"హైదరాబాదులో ఎవరినీ తొందరపడి నమ్మకు," అన్నారు.

"నమ్మను."

ఆమె అంత వెంటనే ఒప్పుకోవడం ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది. జేబురుమాలుతో ముఖం తుడుచుకుని స్కూటర్ స్టార్టు చేశారు. ఇంటి వైపు తిప్పలేదు. స్టేషన్ వైపు తిప్పారు. "కౌంటర్ మూసేసి ఉంటారు. అయినా బండి ఎన్నింటికో కనుక్కుందాం," అన్నారు.

లావణ్య వెనక ఎక్కింది. ఎప్పుడూ ఆయన భుజం మీద వేసే చేయి ఇవాళ వేయలేదు. కప్పు ఒళ్ళో పెట్టుకుని, వెనక స్టెప్నీ గట్టిగా పట్టుకుని కూర్చుంది.